చాయతో గోలీ

బీడీల పని పోయాక మా వాడకట్టులో ఇంటింటికీ చచ్చిన బ్యాటరీలు విప్పే పని వచ్చింది. అందరి చేతులకూ పట్టీలున్నాయి. ఆ బ్యాటరీల్లోని సీసం ఒంట్లో పెరిగితే పట్టీ ఎర్రగా మారుతుంది. ఇనుము నిండుగా ఉన్న ఒంట్లో సీసానికి చోటు తక్కువని సర్కారు రోజుకో ఇనుము గోలీ ఇస్తుంది. ఆ గోలీలు పంచడం, పట్టీలు చూడటం నా ఉద్యోగం.

రాజవ్వ, ఆమె కోడలు మౌనిక ఒకే చాప మీద కూర్చుని బ్యాటరీలు విప్పుతారు. రాజవ్వ పట్టీ ఆకుపచ్చగానే ఉంది. ఏడో నెల కడుపుతో ఉన్న మౌనికది ఎర్రబడింది.

"గోలీలు పారేస్తున్నవా?" అని మౌనికను అడిగాను.

"పారేస్తే నేనూకుంటనా? నా చేతులతోనే ఏపిస్త," అంది రాజవ్వ. "నేను షుగరొచ్చినకాంచి చాయ బంద్ పెట్టిన, నిమ్మకాయ నీళ్లతోని ఏస్కుంట. దానికి ఆ వాసనకే కక్కొస్తది. అందుకే చిక్కటి చాయతోని ఇస్త."

నాకిచ్చిన చాయ ఇంకా నా చేతిలోనే ఉంది. కింద పెట్టాను. మూడేళ్లుగా గోలీల ఖాళీ అట్టలు చూసి వెళ్లిపోయానే గానీ, వాటిని దేంతో మింగుతున్నారని ఏ ఇంట్లోనూ అడగలేదు.

"చాయ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టది రాజవ్వా. సీసమే పడ్తది. లోపలి బిడ్డకు గూడ."

మౌనిక చేయి కడుపు మీదికి వెళ్లింది. రాజవ్వ నేను కింద పెట్టిన చాయ వైపు చూసింది.

"కడుపుతోని ఉన్నదని నువ్వు రోజుకు రెండు గోలీలు ఇయ్యవడ్తివి సిస్టరమ్మా," అంది. "నేను రెండు గ్లాసుల చాయ పోసిన."