మందు వేయని గిన్నె

"ఆకు రసం వేసిన గిన్నెల్లో మలేరియా క్రిములన్నీ చచ్చాయి సార్." మైక్రోస్కోపు దగ్గర అసిస్టెంటు అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. సంతోషం వల్ల అనుకున్నాడు ప్రొఫెసరు.

"పదేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నా, ఈ ఆకే మందని! వింటేగా ఎవరైనా!"

"ఆగండి. రసం వేయని గిన్నెలోనూ చచ్చాయి."

"అదెలా?"

"క్రిముల్ని పెంచింది మీరిచ్చిన రక్తంలోనే. ఈమధ్య మాత్రలేమైనా మింగారా?"

ఆయన గొంతు తగ్గింది. "రెండు వారాల కిందట ఆకు కోయడానికి అడవికెళ్లాం కదా. దోమలకు భయపడి, ముందుజాగ్రత్తగా మలేరియా మాత్రలు..."

"నాకు చెప్పలేదేం సార్? మీ మాట నమ్మి నేను ఆకే నమిలాను."

ఆమె స్వెటరు దగ్గరకు లాక్కుని, తన వేలికే సూది గుచ్చుకుంది. రక్తపు చుక్కను స్లైడు మీద అద్ది ఆయన ముందుకు జరిపింది.

"ఇది మీరే చూడండి."