వెనక వరుసలో మనిషి

నల్ల బండి మెట్టు మీద కాలు పెట్టబోయి కళ్ళ డాక్టరుగారి తల్లి ఆగిపోయింది.

మెట్టు ఆవిడ మోకాలి దాకా ఉంది.

బండితోపాటు నిచ్చెన కూడా ఇస్తారా అని ఆవిడ షోరూము అమ్మాయిని అడిగింది. అమ్మాయి నవ్వాపుకుంది. డాక్టరుకి ఆపుకోవలసిన అవసరం రాలేదు, అసలు నవ్వే రాలేదు.

ఆ నల్ల బండి మీద ఆయన మనసు పారేసుకుని మూడు నెలలయింది. తన దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టరు అలాంటిదే కొనుక్కుని, తన పాత కారు పక్కనే తెచ్చి నిలిపిన రోజునుంచీ ఆయనకి ముద్ద దిగడం లేదు.

భార్య, ఆ పక్కనే ఉన్న ఏడు సీట్ల బండి చూపించింది. అది కాస్త బోసిగా, స్కూలు బస్సుకి చిన్న చెల్లెల్లా ఉంది. మెట్టు మాత్రం జానెడే.

నల్లదాంట్లో అయిదుగురే పడతారు. ఇంట్లో ఆరుగురున్నారు. మొగుడూ పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, తల్లి.

మిగిలిపోయే ఆరో మనిషి ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

"నాదేముందిరా నాయనా, ఇల్లు చూసుకుంటూ ఉంటాను. మీరు తిరగవలసినవాళ్ళు" అంది తల్లి, తనే.

డాక్టరు తలెత్తలేదు. టైరు చాలా పరీక్షగా చూశాడు.

భార్య పట్టు విడవకపోయేసరికి, ఏడు సీట్లదాన్ని ఒక్క తిప్పు తిప్పితే ఆవిడ నోరు మూతపడుతుందని ఒప్పుకున్నాడు. కొనకూడదని ముందే నిశ్చయించుకున్నాడు కాబట్టి మనసు హాయిగా ఉంది.

తిప్పి చూపించే బండి మరమ్మతుకు వెళ్ళిందని అమ్మాయి నీళ్ళు నమిలింది. డాక్టరు ప్రాణం లేచివచ్చింది. ఇంతలో ఆమె లోపలికి వెళ్ళి, పది నిమిషాల్లో తాళంతో తిరిగొచ్చింది. వెనకాల వెలిసిన చొక్కా తొడుక్కున్న మనిషొకడు.

"ఆయన కూడా మీతో వస్తారు సార్."

బండితో ఉడాయించకుండా కాపలా పంపుతున్నారనుకున్నాడు డాక్టరు.

వచ్చినవాడు తల్లికి చెయ్యి అందించి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కాళ్ళు చాపుకునేందుకు సీటు వెనక్కి జరిపాడు. తను వెళ్ళి వెనక వరుసలో, చిన్నపిల్ల పక్కన ఒదిగి కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందామ్మా?" అని మాత్రం అడిగాడు.

"రాణీగారిలా ఉన్నాను బాబూ" అందావిడ.

నాలుగు వీధులు తిరిగేసరికి మలుపు దగ్గర బావమరిది చెయ్యూపుతూ కనిపించాడు. అతగాడు నడిపింది సైకిలే అయినా బండ్ల విషయంలో అతని మాటకి తిరుగులేదు. బండిలో ఏడుగురూ నిండారు. ఎనిమిదో చోటు లేదు.

డాక్టరు అద్దంలోంచే వెనక్కి చూశాడు.

"ఏమయ్యా, నువ్వు దిగి నడుచుకుంటూ వెళ్ళిపో. షోరూము ఎంతో దూరం లేదు. బండి మేం తెచ్చి అప్పగిస్తాంలే."

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. ముందు సీట్లో కాళ్ళు చాపుకుని, పెళ్ళివారి బండిలో ఉన్నట్టు వీధంతా చూస్తున్న ముసలావిడ వంక చూసి ఊరుకున్నాడు.

"తొందరగా వచ్చేస్తారుగా?" అన్నాడు దిగుతూ.

"ఏం, డ్యూటీ అయిపోతుందా?" అన్నాడు డాక్టరు. "తలుపు మెల్లగా వెయ్యి. కొత్త బండి."

అతను మెల్లగానే వేశాడు.

మలుపు తిరిగేదాకా అద్దంలో అతను కదలకుండా నిలబడి కనిపించాడు. డాక్టరుకి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. బావమరిది ఇంజను గురించి ఎత్తుకోగానే ఆ కలుక్కు అణిగిపోయింది.

వద్దనుకున్న బండిని అంత తీరిగ్గా తిప్పినవాడు భూప్రపంచంలో మరొకడు ఉండడు. బావమరిది ఆఫీసుకి, అక్కణ్ణించి పిల్లల మేష్టారింటికి, అక్కణ్ణించి ఐస్‌క్రీమ్ కొట్టుకి. వెనక సీటు మీద పిల్లలు సగం తిన్నారు, సగం ఒలకబోశారు.

షోరూముకి తిరిగొచ్చేసరికి అయిదయింది.

తల్లి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. డాక్టరు అది చూడనట్టు నటించి, లోపలికి వెళ్ళి నల్లదానికే రాయమన్నాడు. కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టాడు. బల్లకి అవతల కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్న తల్లి, పెన్ను ఆగినప్పుడల్లా కొడుకుని చూసి నవ్వింది. ఆ నవ్వు ముందు ఆయన సంతకం ప్రతిసారీ కాస్త వంకరపోయింది.

సంతకాలయ్యాక ఏడు సీట్లదాని తాళం బల్ల మీద పెట్టాడు.

"మీ మనిషికి చెప్పమ్మా. వెనక సీటు కొంచెం తుడవాలి."

అమ్మాయి గోడగడియారం వంక చూసింది.

"ఆయన మా మనిషి కాదు సార్. నాలుగున్నర దాకా ఇక్కడే కూర్చున్నారు. నాలుగింటికి ఆస్పత్రివాళ్ళు వాళ్ళావిణ్ణి ఇంటికి పంపిస్తామన్నారట. తుంటి ఆపరేషను."

"మరి నాకు ఫోన్ చెయ్యకపోయావా?"

"చేస్తానంటే వద్దన్నారు సార్. పెద్దావిడ సరదాగా కూర్చుంది, మధ్యలో దింపించకండి అన్నారు."

డాక్టరు చేతిలో ఇంకా పెన్ను ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు.

"ఇంతకీ ఎవరతను?"

అమ్మాయి తాళం తీసుకుని, ముసలావిడకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"మా బండి లేదని తెలిసి, అమ్మగారు ఎక్కగలరో లేదో చూసుకోనివ్వండని, భార్య కోసం ఈ పొద్దున్నే కొనుక్కున్న తన బండి మీకిచ్చి, ఆవిణ్ణి తెచ్చుకోడానికి అద్దె కారులో వెళ్ళారు సార్."