మట్టి కాలేదు

ఆ పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, ఒక్క గద్ద కూడా లేదు. "మీ అమ్మ గుంతలోనే, ఆమె మట్టిలోనే నన్నూ కలిపెయ్యరా" అని పోతూ పోతూ తండ్రి అడిగాడు. అందుకే ఏసోబు తల్లి గుంత తవ్విస్తున్నాడు.

"ఇన్నేళ్లయింది, ఎముకలే ఉంటాయిలే" అంటూ తవ్వుతున్న దానియేలు మామ ఉన్నట్టుండి పార వదిలేశాడు. తల్లి నిద్రపోతున్నట్టే ఉంది.

"నీకు చెల్లెల్లా ఉందిరా అల్లుడా!"

ఎవరూ నవ్వకపోయేసరికి మామే మళ్లీ అన్నాడు.

"ఆమె తిన్నదంతా చెడిపోకుండా నిలవ మందు కలిపిన కూడే. పురుగు కూడా ముట్టలేదు. మీ అమ్మను మట్టి చేశామే గాని, ఆమె మట్టి కాలేదురా."

"మరి నాయన?"

"ఇందులో ఇద్దరికి చోటు లేదు."

తండ్రిని దూరంగా, కంచె పక్కన పూడ్చి ఇంటికొచ్చారు. ఏసోబు భార్య కిందటేడు వండిన అన్నం పొట్లాలు విప్పి, వేడిచేసి వడ్డించింది. అన్నం వేడిగా, తెల్లగా, మల్లెపూలలా ఉంది. అందరూ తలలొంచుకుని తిన్నారు.