మూడో తీగ

కొన్న వైరు చుట్ట పట్టుకుని కొట్టు మెట్లు దిగిన సోములు రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చాడు.

"మోటారుకి ఇది పనికిరాదంట. ఎర్తుతో కలిపి మూడు తీగలున్నది ఇయ్యి," అన్నాడు, చుట్టని కౌంటర్ మీద పెడుతూ.

"ఎవులన్నారు?" అన్నాడు త్రినాథ్.

సోములు గుమ్మం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

త్రినాథ్‌కి చూడకుండానే తెలిసింది. మళ్లీ ఆ ముసలాడే.

టెక్కలి మెయిన్ రోడ్డులో ఆ హార్డ్‌వేర్ కొట్టు పెద్దది. కరెంటు సామాన్ల కౌంటర్ త్రినాథ్‌ది. చదివింది ఇంటర్. కరెంటు పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ ఎనిమిదేళ్లుగా స్విచ్చుతో పాటు సలహా కూడా పొట్లం కట్టి ఇస్తున్నాడు.

"ఎర్తు గొయ్యి లేదా? ప్లగ్గులో మూడో పిన్నుని న్యూట్రల్లో కలిపీండి. అయిపోతాది."

"ముట్టుకుంటే జిల్లుమంటన్నాదా? సెప్పులేసుకోండి. ఏటీ కాదు."

జనానికి అదే నచ్చేది. పని తెలిసిన మేస్త్రీని పిలిస్తే గోడ కొట్టాలంటాడు, ఎర్తుకి గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వెయ్యాలంటాడు. త్రినాథ్ మాటతో అన్నీ నిమిషంలో తేలిపోయేవి.

నెల్లాళ్ల నుంచి ఈ ముసలాడు దాపురించాడు. పొద్దున్నే మొదటి బస్సుకి దిగుతాడు. మెట్ల పక్కన కూర్చుంటాడు. వైరు కొని దిగిన ప్రతివాణ్నీ ఒకటే ప్రశ్న.

"మూడో తీగ తీసుకున్నావా బాబూ?"

ఆ రోజు త్రినాథ్ కౌంటర్ వదిలి బయటికొచ్చాడు.

"ఏటి తాతా నీ గొడవ? ఎదర కొట్టోడు పంపినాడా?"

"ఎవులూ పంపనేదు బాబూ."

"పోనీ లైన్‌మేన్‌గా సేసినావా?"

"నేదు. మాది భావనపాడు. సముద్రం మీద ఏటకెల్లీవోణ్ని."

"సేపలోడికి కరెంటు గురించి ఏటి తెలుసు?"

"వలేసి పట్టీసినాడేమో," అన్నాడు సోములు వెనక నుంచి.

ముసలాడు నవ్వలేదు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"ఈమజ్జెనే తెలిసింది," అన్నాడు. తరవాత తలెత్తి అడిగాడు. "మీ ఇంట్లో బట్టలుతికీ మిషనున్నాదా బాబూ?"

"ఉంటే?"

"ముట్టుకుంటే జిల్లుమంటాదా?"

అంటుంది. భార్య అనూరాధ ఆర్నెల్లుగా చెబుతూనే ఉంది. అందుకే మిషను పక్కన ఒక జత చెప్పులు పెట్టించాడు.

"మా ఇంటి సంగతి నీకెందుకు? లెగు. మల్లీ ఈ మెట్ల మీద కనపడితే బాగోదు."

ముసలాడు లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈ లక్ష్ముడు మల్లీ రాడు. ఒక్క మాట ఇను. ఎల్లుండి ఆయుధపూజ. మిషనుకి బొట్టెట్టినప్పుడు మీ ఇంటామెని మెయిన్ ఆపీమను. మర్సిపోకు."

"అలాగేలే. ముందు నువ్వు బస్సెక్కు."

పండగ పొద్దున్న అనూరాధ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఒక్కొక్క వస్తువుకీ బొట్టు పెడుతోంది. బండి అయింది. మిక్సీ అయింది. ఫ్రిజ్ అయింది.

త్రినాథ్ పేపరు చదువుతున్నాడు.

"రాత్రి నుంచి మిషను తిరగట్లేదండి," అంది పెరటి వరండాలోంచి. "స్విచ్చేసినా ఉలుకూ పలుకూ లేదు."

"సూద్దాంలే."

చెప్పుల చప్పుడు ఆగింది.

త్రినాథ్ తలెత్తాడు.

అనూరాధ చెప్పులు విప్పి పక్కకి నెట్టింది. చెప్పులు తొడుక్కుని బొట్టు ఎవరు పెడతారు? అప్పుడే కడిగిన గచ్చు. ఉత్త పాదాలు. కుంకుమ అద్దిన వేలు మిషను మీదికి వెళ్తోంది.

"అనూ, ఆగు."

ఆ గొంతుకి ఆమె చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

త్రినాథ్ టెస్టర్ తెచ్చాడు. మిషను రేకుకి ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ తీగ ఎక్కడో ఊడింది. మూడో పిన్నుకీ న్యూట్రల్‌కీ తను స్వయంగా కలిపిన ముడి మీదుగా కరెంటంతా మిషను ఒంట్లోకి వచ్చి కూర్చుంది.

మెయిన్ ఆపాడు. మిషను ప్లగ్గు పీకేశాడు.

"ఏటయ్యిందండీ?"

"ఏటీ కాలేదు," అన్నాడు. బండి తాళాలు తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి భావనపాడులో ఉన్నాడు. బండికి కట్టిన బంతిపూల దండ అలాగే ఉంది.

ఇసకలో ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్న దేముడమ్మ అనే ఆమెని అడిగాడు. "లక్ష్ముడి ఇల్లెక్కడ?"

"అదిగో, ఆ కొసాకి. ఆ ఇంట్లో పండగ నేదు బాబూ."

"ఏం?"

"నిరుడు ఇదే రోజు కూతురు పోనాది. కుసుమకుమారి. సేపలు దాసుకునే కరెంటు ఐసు పెట్టికి బొట్టెట్టబోయింది. అంతే."

త్రినాథ్ నడిచాడు. గుమ్మం దగ్గర లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు. చూడగానే లేచాడు. కోపం లేదు, ఆశ్చర్యం లేదు.

"రా బాబూ. మీ ఇంటామె బాగున్నాదా?"

త్రినాథ్ తలూపాడు. అతని చూపు లోపలి గోడ మీద ఆగిపోయింది.

ఫొటోకి దండ వేసి ఉంది. కింద పీట మీద ఒక జత రబ్బరు చెప్పులు. అడుగున మట్టయినా అంటలేదు.

రోజుకి వంద ముఖాలు చూసే త్రినాథ్‌కి ఆ ముఖం ఇప్పుడు గుర్తొచ్చింది. నిరుడు పండగ ముందు తన కౌంటర్ దగ్గర నిలబడి, "అన్నా, ఐసు పెట్టి ముట్టుకుంటే జిల్లుమంటన్నాది" అని అడిగిన పిల్ల అది. తను చెప్పిన సలహా విని, "అయితే ఇయ్యాలే కొత్త సెప్పులు కొనిస్తాను బాబూ" అంటూ తనకి రెండు చేతులా దండం పెట్టి వెళ్లిన తండ్రి, ఈ లక్ష్ముడే.