వెండినీళ్లు

"పదిహేను," అన్నాడు మెకానిక్, గాజుగ్లాసులోంచి పెన్నులాంటి మీటరు పైకెత్తి. "రోజూ వచ్చేదే. నికరమైన సరుకు."

"అంకె సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీ అమ్మ కన్ను నిన్నటికన్నా ఎర్రబడింది, ముందు అది చూడండి," అంది భార్య.

అతను కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మనిషి. రెండు వెండి తీగలు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు, కాస్త కరెంటు. వంటింటి గట్టు మీదే వెండినీళ్ల కంటిమందు తయారు. డాక్టరిచ్చిన చుక్కల్లో ఏముందో ఎవడికి తెలుసు, నా మందుకైతే లెక్కుంది అంటాడు. ఏం లెక్క? ఆ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చెబుతుంది, అంతే. చిటికెడు ఉప్పు వేసినా ఆ అంకె ఎగబాకుతుంది. కంటి గొడవ దానికేం తెలుసు? ఈ మాట చెప్పీ చెప్పీ భార్య నోరు నొప్పెట్టి మానుకుంది.

ముసలావిడకు చూపున్నది ఆ ఒక్క కంట్లోనే. రెండోది ఎప్పుడో పోయింది.

అతను చిన్న సీసా నింపి, తెల్లమూత బిగించి, భార్యకు అందించాడు. అత్తగారికి చుక్కలు వేసేది ఆమే. ఈసారి ఆమె చెయ్యి చాపలేదు. స్టూలు మీద కూలబడింది.

"ఆసుపత్రికి పదండి. అది మళ్లీ తీగ చుట్టడానికి మోటారు కాదు, కన్ను."

ఇంకో రెండ్రోజులు చూద్దామన్నాడతను, మందు పనిచేస్తోందట.

"చెయ్యడానికి మీ మందు కంట్లో పడితే కదా."

ఇక దాచే ఓపిక లేక మొత్తం చెప్పేసింది. అతనిచ్చిన నీళ్లన్నీ సింకులో పారబోసింది. డాక్టరిచ్చిన ఆకుపచ్చమూత సీసాను ఉప్పు డబ్బా వెనక దాచి, ఇన్నాళ్లూ ఆ చుక్కలే వేస్తోంది.

"అసలు మందుకే తగ్గలేదంటే లోపల ఏదో పెద్దదే ఉంది. అందుకే చెబుతున్నా, లేవండి."

తిడతాడనుకుంది. పడడానికి సిద్ధపడే చెప్పింది. అతను తిట్టలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి ఉప్పు డబ్బా వెనక చెయ్యి పెట్టి, వెతుక్కోకుండానే ఆకుపచ్చమూత సీసా తీశాడు. అందులో మిగిలింది మీటరు మూతలోకి పిండి, మీటరు కొన ముంచాడు.

పదిహేను.

"నువ్వు దాచిన రోజే కనిపెట్టాను," అన్నాడు. "ఆ మందు ఒంపేసి, ఇందులోనూ నా నీళ్లే పోశాను."

ఇద్దరూ ఒక్కసారే పక్కగదివైపు తిరిగారు. మిట్టమధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేరుగా ముసలావిడ ముఖం మీద పడుతోంది.

"అమ్మాయ్," అని పిలిచింది ఆవిడ. "కరెంటు పోయినట్టుంది. కాస్త దీపమన్నా పెట్టమ్మా."