కొడుకు బదులు

“సూదంటే నాకు భయమని తెలుసుగా” అంటూ కొడుకు కంచం ముందు నుంచి లేచిపోయాడు. కార్ల సీట్లకు తోలు కవర్లు కుట్టేవాడు, పొద్దస్తమానం చేతిలో సూదే. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బిడ్డ కోసం అనుకోగానే ఆమె ముందుజాగ్రత్తగా రక్తపరీక్ష చేయించుకుంది. తలసీమియా లక్షణం ఉందని తేలింది. దానివల్ల ఆమెకేం ఇబ్బంది లేదు. భర్తలోనూ అదే ఉంటే మాత్రం పుట్టే బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సి రావచ్చునని డాక్టరమ్మ చెప్పింది. ఆయన రానని మొండికేస్తే అమ్మానాన్నలకు పరీక్ష చేసినా చాలు, వాళ్లిద్దరిలో లేనిది కొడుక్కి రాదంది.

కోడలు ఆ మాట చెప్పిందో లేదో, మామగారు చొక్కా చేయి పైకి మడిచేశాడు. “వాడికెందుకమ్మా నొప్పి? మేమిద్దరం లేమూ?” అత్తగారు ఏదో అనబోయింది. ఆయన చూపుతోనే వారించాడు.

ఇద్దరిలోనూ లేదని ఫలితం వచ్చింది. “గుండెల మీద బరువు దింపేశారత్తయ్యా” అని కోడలు వాటేసుకుంది. ఆ బరువు కాస్తా వచ్చి అత్తగారి గుండెల మీద కూర్చుంది. ఆమెకు ముద్ద దిగలేదు. భర్తనడిగితే ఊరుకోమన్నాడు. కోడలు పిల్లేమో అప్పుడే మంచం పక్కన ఉయ్యాలకు చోటు చూసుకుంటోంది. రేపు ఆ పసిగుడ్డుకు ఏమైనా అయితే?

మర్నాడు ఆమె నేరుగా కొడుకు షాపుకు వెళ్లింది.

“నాన్నా, ఆ పరీక్షేదో నువ్వూ చేయించుకోరా.”

“మీ ఇద్దరికీ లేదన్నారుగా?”

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. కొడుకు పని ఆపి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మీరు వెళ్లొచ్చిన సాయంత్రమే నేనూ వెళ్లానమ్మా. కళ్లు తిరిగి పడిపోతే నీళ్లు చల్లి లేపారు. ఇందాకే ఫోను చేసి చెప్పారు. నాకూ లేదట.”

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కొడుకు తల నిమురుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

“మా పరీక్ష చాలని డాక్టరమ్మ చెప్పింది కదరా. మరి నువ్వెందుకు వెళ్లావు?”

కొడుకు ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాడు.

“నేను నీ కడుపున పుట్టలేదని నాకు చిన్నప్పుడే తెలుసమ్మా.”