బావమరిది చేసిన పెట్టె

"ఛీ! పట్టుకుంటేనే వెగటు పుడుతోంది," అన్నాడు సుత్తి గురువు, చేతిలోని గేమ్ పెట్టెను కెమెరాకు చూపిస్తూ.

చవక గేమ్ పెట్టెలను లైవ్‌లో పరీక్షించి తీర్పు చెప్పడం అతని పని. నచ్చనిదాన్ని చివర్లో సుత్తితో పగలగొడతాడు. ఆ పేరు అందుకే వచ్చింది. మాట కూడా సుత్తే అనేవాళ్ళు లేకపోలేదు.

ఈసారి వంతు సొంత బావమరిదిది. ఉన్న ఉద్యోగం మానేసి, ఏడాదిగా ఒక గదిలో కూర్చుని పెట్టె తయారుచేశాడు. చూపుకు పాతకాలపు పెట్టెలాగే ఉంటుంది, పాత క్యాసెట్టు పెట్టినా ఆడుతుంది. లోపల చవక చిప్పు పాత యంత్రాన్ని అనుకరిస్తుంది. రేపే అమ్మకాలు. సుత్తి గురువు బాగుందంటే కుర్రవాడు నిలదొక్కుకుంటాడు. కాదంటే దుకాణం కట్టేసుకోవాల్సిందే. పొద్దున పార్సిల్ రాగానే భార్య దాన్ని విప్పి, గుడ్డతో తుడిచి మరీ భర్త ముందు పెట్టింది.

"ఏమండీ, మనవాడు. కాస్త చూసి మాట్లాడండి."

"తీర్పు దగ్గర చుట్టరికాలేమిటే!"

క్యాసెట్టు పెట్టాడు. తెర వెలిగింది. వెలిగిందనడం కూడా దాని మీద దయే. అంతా కడుగునీళ్ళ రంగు. బొమ్మ పరిగెత్తితే దాని వెనకే ఒక మరక పరిగెత్తింది. పాట గొంతులో కఫం అడ్డుపడ్డట్టు వచ్చింది. నొక్కిన మీట లోపలికి పోయి, రావాలా వద్దా అని ఆలోచించుకుని పైకి వచ్చింది. ఈలోగా బొమ్మ గుంతలో పడింది. మళ్ళీ ఆడితే మళ్ళీ పడింది.

పెట్టెను రెండు వేళ్ళతో ఎత్తి కెమెరా ముందు ఆడించాడు.

"అనుకరణట! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. అసలుదాని మీద ఆడి పెరిగిన వేళ్ళండీ ఇవి. నకిలీని కళ్ళు మూసుకుని పట్టేస్తాయి."

చూసేవాళ్ళు చప్పట్ల బొమ్మలు కురిపించారు. బల్ల మీద ఫోన్ వణికింది. బావమరిది. బతిమాలడానికే అయి ఉంటుంది. కట్ చేశాడు. మళ్ళీ వణికితే బోర్లించాడు.

గుమ్మంలో భార్య కళ్ళు తుడుచుకుంటోంది. "బాగోలేదని చెప్పండి చాలు. పగలగొట్టకండి. వాడి ఏడాది కష్టం."

"కష్టమా? మా నాన్న కొనిచ్చిన పెట్టెను నిన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. అలాంటిది, చూసి నేర్చుకోరా అని వాడి చేతిలో పెట్టాను. నేర్చుకున్నది ఇదా? దాని కాలిగోటికైనా సరిపోతుందా ఇది?"

సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు తెర చిట్లింది. రెండో దెబ్బకు మీటలు ఎగిరి గోడకు తగిలాయి. కసి తీరలేదు, ఇంకోటి వేశాడు. ముక్కల్ని చీపురుతో చెత్తబుట్టలోకి నెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ఫోన్ ఎత్తాడు.

"ఏరా, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?"



"బావా, నేను చేసింది ఇంకా నా దగ్గరే ఉంది, సాయంత్రం తెద్దామనుకున్నా... పొద్దున నీకు పంపింది, నీ సంతోషం కోసం కొత్త బాడీ తొడిగించిన మీ నాన్నగారి పెట్టె."